పళ్లెం మధ్యలో ఆయన పేరు

మా ఆయనకు పెండ్లి భోజనమంటే ప్రాణం. జనగామలో ఏ ఫంక్షన్ హాలు ముందు పందిరి కనబడినా చాలు, ఇంటికొచ్చి మనకు పిలుపుందా లేదా అని శుభలేఖలన్నీ తిరగేసేవాడు. పోతే మొదటి బంతిలో కూర్చునేవాడు, ఆఖరి బంతి దాకా లేచేవాడు కాదు. ఇంటికొచ్చాక మాత్రం ఒకటే సణుగుడు.

"గదేం ప్లేటే! చారు పోస్తే చారంత ఒళ్లెనే పడె. మనిషికి తినెటందుకు ఓ స్టీలు ప్లేటు పెట్టరాదా?"

ఆ సణుగుడు ముప్పై ఏళ్లు విన్నాను. విని, చొక్కాల మీది చారు మరకలు ఉతికాను.

అలాంటి మనిషి పోతే, పెద్దకర్మ నాడు వాడకట్టంతటికీ మేం భోజనం పెట్టింది ఆ ప్లాస్టిక్ డిస్పోజల్ ప్లేట్లలోనే. ఎవరికీ గుర్తు రాలేదు. నాకూ రాలేదు. తిన్నవాళ్లు తిని ప్లేట్లు ఇంటి వెనక మురుగు మోరీలో పడేశారు. వారం తిరగకముందే పెద్ద వాన పడింది. మోరీ మూసుకుపోయి నీళ్లు ఇంట్లోకి వచ్చాయి. వాటి వెంట ఆ ప్లేట్లూ వచ్చాయి. గడప దాటి ఒక్కొక్కటే లోపలికి తేలుకుంటూ వచ్చి ఆయన మంచం కింద ఆగాయి. చీపురు పట్టుకుని గోడ మీది ఫొటో వంక చూశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

మరుసటి ఎండాకాలం మున్సిపాలిటీ సారు మా వార్డులో మీటింగు పెట్టారు. భూమి వేడెక్కుతోందని చెప్పారు. మే నెల, మిట్టమధ్యాహ్నం, రేకుల షెడ్డు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఇక మీదట కురిస్తే వాన ఒక్కసారే కురుస్తుందనీ, మోరీల నిండా ప్లాస్టిక్ ఉంటే మునిగేది మనమేననీ అన్నారు. ఆ సంగతి నాకు ఇంకెవరూ చెప్పక్కర్లేదు. వార్డుకో స్టీలు బ్యాంకు పెట్టుకోమన్నారు. అంటే పళ్లాలూ గ్లాసులూ మహిళా సంఘం దగ్గర ఉంటాయి, ఎవరింట్లో ఏ కార్యమైనా తీసుకుపోయి, వాడుకుని, తోమి తిరిగివ్వాలి. గ్లాసులు సంఘం కొంటుందని మా అధ్యక్షురాలు ప్రకటించింది. నేను లేచి, "ప్లేట్లు నేనిస్త, మా ఆయన పేరు మీద. మూడు వందలు" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. సారు కూడా కొట్టారు.

తప్పు ఇక్కడే చేశాను. మా దిక్కు పేరు కొట్టించకుండా ఎవరూ గిన్నె ఇంటికి తేరు. చెంచాకు కూడా యజమాని పేరుంటుంది. సామాన్ల దుకాణంలో "ఏం రాయాలె అవ్వా?" అని అడిగితే, మొదట "కీర్తిశేషులు", నడుమ ఇంటిపేరుతో సహా ఆయన పేరు, కింద "జ్ఞాపకార్థం" అని చెప్పాను. అంచున కొడితే తోమి తోమి అరిగిపోతుందని, సరిగ్గా పళ్లెం మధ్యలో కొట్టమన్నాను. పెద్ద అక్షరాలతో కొట్టాడు. చాలా బాగా కుదిరాయి.

దినాలకు, సంవత్సరీకాలకు మా పళ్లాలకు తిరుగు లేదు. పాలకుర్తి దాకా ఆటోల్లో పోయి వచ్చేవి. పెండ్లికి గానీ, పుట్టినరోజుకు గానీ ఒక్కరూ అడగలేదు. మా గల్లీలోనే పిల్ల పెండ్లి పెట్టుకున్నాయన వచ్చి, ఒక పళ్లెం తీసి చూసి, "మంచిగున్నయి వదినా, జర ఆలోచించి చెప్త" అన్నాడు. సాయంత్రానికి వాళ్లింటి ముందు డిస్పోజల్ ప్లేట్ల బస్తాలు దిగాయి. వాన పడేసరికి మోరీ మళ్లీ నిండింది. ఈసారి ప్లేట్ల మీద పెండ్లి వంకాయకూర అంటుకుని ఉంది.

"ఏం అనుకోకు చెల్లె" అంది అధ్యక్షురాలు. "పెండ్లిల కూసోని తింటుంటే, అన్నం ఒడుస్తున్నకొద్ది కిందికెల్లి కీర్తిశేషులు బయటపడ్తది. ముద్ద ఎట్ల దిగుతది?"

నెల తిరిగాక సంఘంలో ఇంకో మాట వచ్చింది. పళ్లాలు కమ్యూనిటీ హాలులో ఊరికే చోటు తింటున్నాయి, వైకుంఠధామం పక్క గదిలో పెడితే అక్కరకొస్తాయి అని. వైకుంఠధామమంటే మా వార్డు శ్మశానం. పెండ్లి కోసం ప్రాణమిచ్చే మనిషి పేరును మూడు వందలసార్లు రాయించి, శ్మశానంలో తాళం వేసి పెడతారట!

"లేదంటె మొత్తం గీకిచ్చెయ్, పీడ పోతది" అంది అధ్యక్షురాలు.

"పీడనా? నా పెనిమిటి నీకు పీడయిండా?" అని ఇంతెత్తున లేచాను. పది రోజులు ఆమెతో మాట్లాడలేదు. కోపం దిగాక ఆలోచిస్తే, ఆమె చెప్పింది నిజమే. పేరుంటే పెండ్లిళ్లకు పోవు. పోకపోతే ఈ మోరీ ఇంతే. పళ్లాలు ఆటోలో వేసుకుని మళ్లీ దుకాణానికి పోయాను. దారంతా ఏడుపు వస్తూనే ఉంది.

దుకాణమాయన అరగదీసే మిషను బయటికి తీసి, "మొత్తం తీసెయ్యాల్నా అవ్వా?" అన్నాడు.

మొత్తం అని చెప్దామనే వచ్చాను. తీరా మిషను పళ్లెం మీదికి రాగానే చెయ్యి అడ్డం పెట్టాను. "మీదిది తియ్యి. కిందిది తియ్యి. నడుమది ఉండనియ్" అన్నాను.

కీర్తిశేషులు పోయింది, జ్ఞాపకార్థం పోయింది. అవి ఉన్నచోట తళతళా రెండు మచ్చలు, వాటి నడుమ ఆయన పేరు ఒక్కటే మిగిలింది. ఏ ఇంట్లో పళ్లేనికైనా ఎవరిదో ఒక పేరు ఉండేదే కదా. అధ్యక్షురాలు వేలితో తడిమి చూసి, "ఇగ ఎవ్వలేమంటరు?" అంది. మాటలు కలిశాయి.

మొదట అడిగింది పాలకుర్తి తోవలో ఉన్న ఒక తండా వాళ్లు. బిడ్డ పెండ్లి అట. పళ్లాలతో పాటు సంఘం నుంచి ఒకరు పోయి చూసుకోవాలని నియమం పెట్టుకున్నాం. నేనే పోయాను. మొదటి బంతిలో కూర్చోబెట్టారు. బంతి పొడుగునా ఆయన పళ్లాలే. చారు పోశారు. ఒక్క చుక్క ఒడిలో పడలేదు. తింటుంటే అన్నం కింది నుంచి ఆయన పేరు మెల్లగా బయటికొచ్చింది. దాని వెనకా ముందూ ఏమీ లేదు.

అన్నం వడ్డిస్తున్న పెండ్లికూతురు తండ్రి నా ముందు ఆగాడు.

"అమ్మా, గీ పేరాయన ఎవలు? గిన్ని ప్లేట్లిచ్చిండు, మేము పత్రిక గూడ ఇయ్యకపోతిమి. పెండ్లికి రాలేదా?"

పేరు మీద అంటిన మెతుకును వేలితో పక్కకు తీశాను.

"వచ్చిండు బిడ్డా" అన్నాను. "మొదటి బంతిల కూసున్నడు. ఇంక లేస్తలేడు."

"తిననియ్యమ్మా, తొందరేమున్నది" అని నా పళ్లెంలో ఇంకో గరిటెడు అన్నం పెట్టి, బకెట్ పట్టుకుని ముందుకు పోయాడు.