సెలైన్ స్టాండు మీద తొమ్మిది

మా గల్లీ సిస్టరమ్మ ఇక లేదు. పోయిన మంగళవారం మధ్యాహ్నం, తను ముప్పై ఏళ్లు నౌకరీ చేసిన దవాఖానలోనే, తన పాత వార్డుకు పై అంతస్తులో కన్నుమూసింది. ఈ కబురు మా పాతబస్తీ జహనుమాలో ఇంటింటికీ చెప్పే పని నా మీద పడింది. ప్రతి గడపలోనూ ఒకటే మాట అడిగారు. "తుంటి విరిగితే మనిషి ఎట్ల పోతది?"

తుంటి విరిగినందుకు పోలేదు. నల్లా దగ్గర జారిపడింది, ఆపరేషన్ బాగానే అయింది. ఆ తర్వాత కుట్ల దగ్గర చీము పట్టింది. దానికి ఏ మందూ పని చేయలేదు. అందుకు పోయింది. అందరికీ ఇంతవరకే చెప్పాను. మందులు అట్లా పని చేయకుండా పోవడంలో నా చేయి కూడా ఉందని పదకొండేళ్ల కింద ఆమే నాకు చూపించింది.

అప్పుడు నేను ఆమె వార్డులో పేషెంటును. లాడ్ బజార్‌లో మాకు గాజుల దుకాణం. దుకాణం కట్టేసి వస్తుంటే బండి జారి పిక్క చీరుకుపోయింది. పసుపు అద్ది ఊరుకున్నాను. వారం తిరిగేసరికి కాలు దిమ్మలాగా వాచింది. గల్లీలో రోజూ పలకరించే సిస్టరమ్మే కదా, వార్డులో నాకేం ఫికర్ అనుకున్నాను. అక్కడ చూస్తే ఆమె వేరే మనిషి. మంచానికీ మంచానికీ మధ్య చేతులు కడుక్కుని కడుక్కుని ఆ వేళ్లు నీళ్లలో నానిన బియ్యంలాగా తెల్లబడి ఉండేవి. జేబులో ఒక తెల్ల ప్లాస్టర్ చుట్ట, ఒక నీలం పెన్ను. ఎవరికి సూది మందు మొదలుపెట్టినా సెలైన్ స్టాండుకు చిన్న ప్లాస్టర్ ముక్క అతికించి దాని మీద ఒకటి అంకె వేసేది. మర్నాడు అది పీకేసి రెండు. ఈ పని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కాగితాల్లో రాసింది ఎవరూ తిరగేసి చూడరని, కళ్ల ముందుంటే చూడక చస్తారా అని ఆమె లెక్క.

ఒక పొద్దున ఒక కుర్ర డాక్టరు ఎదురు మంచం ముందు ఆగకుండానే, "ఇదే కంటిన్యూ చేయండి సిస్టర్" అన్నాడు.

"ఏడు రోజులైంది సార్. జ్వరం లేదు, పుండు ఎండింది. ఇంకెన్ని రోజులు?"

"ఎందుకైనా మంచిది, ఉండనీయండి."

"ఎందుకో చెప్పుర్రి సార్. గదే రాస్త."

ఆయన మొహం ఎర్రగా చేసుకుని ముందుకు పోయాడు. సిస్టరమ్మ ఏడు అంకె పీకేసి, కొత్త ముక్క మీద ప్రశ్న గుర్తు వేసి అతికించింది. జవాబు దొరకని మందుకు ఆమె వేసే గుర్తు అది. రెండు రోజుల తర్వాత పెద్ద డాక్టరు దాన్ని చూసి, "ఇదేంటమ్మా?" అని అడిగి, అక్కడికక్కడే ఆ మందు ఆపించాడు.

పేషెంట్లతోనూ ఇదే లొల్లి. "పెద్ద సూది ఇయ్యుర్రి సిస్టర్, గీ చిన్నదానితోని ఏమైతది?" అని ఎవరైనా గునిస్తే, "సైజు చూసి తీసుకునేటందుకు ఇవేమన్న గాజులా?" అని నా వైపు తిరిగి చూసేది. వార్డంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ని.

ఆ వార్డులో ఒక ఆనవాయితీ ఉండేది. ఇంటికి వెళ్లేవాళ్లు మిగిలినవన్నీ పక్క మంచానికి ఇచ్చి వెళ్లేవారు. ఫ్లాస్కు, బత్తాయిలు, సగం వాడిన సబ్బు, వాటితో పాటు మిగిలిన గోళీలు. పుణ్యమని మనవాళ్లు, సవాబ్ అని తురకవాళ్లు. మతం ఏదైనా ఇచ్చే చేయి మాత్రం ఒకటే. ఆ మంచితనం చూసి నాకు అక్కడే రెండుసార్లు కళ్లు తడిశాయి.

నా పక్క మంచంలో ఒక వెల్డింగ్ భాయ్ ఉండేవాడు. ఇనుప కమ్మీ పడి పాదం చితికింది. రోజు కూలీ మనిషి. ఎప్పుడు పంపుతారా అని తలుపు వైపే చూసేవాడు. నన్ను పంపించేటప్పుడు, మూడు రోజులుగా మింగుతున్న గోళీలే ఇంకో వారం మింగమని ఇచ్చారు. కాలు తేలికైంది, నొప్పి లేదు, ఇక ఇవెందుకని ఆ అట్టలన్నీ భాయ్ దిండు కింద పెట్టాను. "మస్తు పవర్ ఉన్నయి భాయ్. నాకు మూడు రోజుల్ల తగ్గింది" అన్నాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకున్నాడు.

రెండు నెలల తర్వాత ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చిన చీరలోనే సిస్టరమ్మ మా ఇంటి ముందు నిలబడింది. "నడువు బిడ్డా, ఒకల్లను చూసొద్దాం" అంది. ఆటో ఎక్కించింది. ఫలక్‌నుమా అవతల ఒక రేకుల ఇంటి ముందు దిగాం. లోపల మంచం మీద వెల్డింగ్ భాయ్ కూర్చుని ఉన్నాడు. లుంగీ కింద ఎడమ పాదం లేదు.

నా గోళీలు మింగితే ఆయనకు జ్వరం దిగింది. జ్వరం దిగింది కదా అని చెప్పకుండా వార్డు నుంచి ఇంటికి వచ్చేశాడు. ఆయనకు ఎక్కించాల్సిన సూదులు సగంలో ఆగిపోయాయి. నెల తిరగకుండా లోపల ఎముకలోంచి చీము వచ్చింది. ఈసారి వెనకటి మందులేవీ దాన్ని ఆపలేకపోయాయి. ఇదంతా ఆయనే చెప్పాడు, ఎవరి మీదా కోపం లేకుండా. భార్యతో నాకు చాయ్ పెట్టించి, "మీరు ఇచ్చిన గోళీలతోనే భాయ్, అప్పుడు నాలుగు దినాలు ఆరాం దొరికింది. అల్లా మిమ్మల్ని సల్లగ ఉంచాలె" అన్నాడు.

ఆ చాయ్ ఎలా తాగానో నాకు తెలియదు. బయటికి వచ్చాక, "నా గోళీలతోనే గిట్లైందని ఆయనకు చెప్పేస్త సిస్టరమ్మా" అన్నాను.

"చెప్పి? నీ బరువు దిగుతది, ఆయన మీద పడ్తది. నువ్వే మొయ్యి" అంది. ఆటో కోసం నడుస్తూ మళ్లీ అంది. "సగం సచ్చిన పురుగు మందును తట్టుకునే సదువు నేర్సుకుంటది బిడ్డా. నీ కాడ సగం, ఆయన కాడ సగం నేర్సుకున్నది. పండ్లు దానం చేయి, బట్టలు దానం చేయి. మందు దానం చేసేది గాదు."

నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఆ తర్వాత నన్ను తన జట్టులో కలుపుకుంది. నౌకరీ అయిపోయాక కూడా ఆమె ప్లాస్టర్ చుట్ట అయిపోలేదు. గల్లీలో ఎవరింట్లో జ్వరం వచ్చినా వెళ్లి, గోడ మీద క్యాలెండరుకు అంకె అతికించేది. ఆమె వెళ్లలేని ఇళ్లకు నన్ను పంపేది. "మంచిగైనంక మింగే గోళీయే అసలు గోళీ" అని ఆమె మాటగా చెప్పి వచ్చేవాణ్ని. ఫ్రిజ్ మీద డబ్బాలో మిగిలిన గోళీలు దాచుకునే ఆడవాళ్లు ఆమె గొంతు వినగానే డబ్బా మంచం కిందికి తోసేవారు. ఆమె నేరుగా వంగి మంచం కిందే చూసేది.

అలాంటి మనిషికి చివరికి ఆ కాగితం వచ్చింది. చీము పరీక్షకు పంపితే ల్యాబు నుంచి వచ్చిన రిపోర్టు. ఒక వరుసలో మందుల పేర్లు, ఎదురుగా పని చేస్తుందా లేదా అన్న గుర్తు. కళ్లద్దాలు పెట్టించుకుని, వేలితో ఒక్కో పేరూ కిందికి దిగుతూ చదివింది. ఆ పేర్లన్నీ ఆమె తన చేతులతో ఎక్కించినవే.

"అన్నీ ఫెయిలే" అంది.

నేను తల ఎత్తలేదు. నాకు రేకుల ఇల్లు గుర్తొచ్చిందని ఆమెకు తెలిసిపోయింది. "నీ ఒక్కనిది గాదు లేరా. అందరం కలిసి పెంచినం. నేను గూడ ఎన్ని తాపలు అడగకుండ ఎక్కించిన్నో" అంది. ఆమె తన మీద తప్పు వేసుకోగా వినడం నాకు అదే మొదటిసారి. నాకు ఏడుపు ఆగలేదు.

ఆ కాగితంలో లేని మందు ఒక్కటి మిగిలింది. కిడ్నీలకు చేటు చేస్తుందని తెలిసీ మొదలుపెట్టారు. బయటి నుంచి సీసాలు నేనే తెచ్చాను. మొదటి సీసా ఎక్కుతుండగా దిండు కింద నుంచి ప్లాస్టర్ చుట్ట తీసి నా చేతిలో పెట్టింది. "రాయి. ఒకటి." రోజూ పొద్దున్నే రాశాను. ఐదో రోజు జ్వరం కొంచెం దిగింది. మూర్ఖుణ్ని, ఆశ పడ్డాను. ఏడో రోజు మూత్రం ఆగిపోయింది. ఎనిమిదో రోజు, "ఎంత?" అని అడిగింది. చెప్పాను. తొమ్మిదో రోజు అడగలేదు.

ఆ మధ్యాహ్నమే అంతా అయిపోయింది. ఆమె సామాను సర్దాను. బైబిలు, కళ్లద్దాలు, ఫ్లాస్కు, రెండు బత్తాయిలు, వాడని మందు సీసాలు నాలుగు. పక్క మంచంలో ఒక ముసలమ్మ. ఆమె కూతురు అన్ని రోజులూ సిస్టరమ్మ దుప్పటి కూడా సరిచేసిన మనిషి. నెమ్మదిగా దగ్గరికి వచ్చింది.

"అన్నా, తప్పనుకోకు. గా సీసలు మిగిలినయి గద. మా అమ్మకు పనికొస్తయేమో."

ఫ్లాస్కు ఇచ్చాను. బత్తాయిలు ఇచ్చాను. సీసాలు ఇవ్వలేదు. "మందు ఇయ్యొద్దమ్మా" అన్నాను. ఆ అమ్మాయి ఫ్లాస్కు వైపు చూసి, నా వైపు చూసింది. "పోయినోళ్ల మందుకు గూడ గింత మనసు రాదా అన్నా?" అని, బత్తాయిలు నా చేతిలోనే తిరిగి పెట్టేసింది. నేను సీసాలు తీసుకెళ్లి డ్యూటీ సిస్టరుకు అప్పజెప్పాను.

తిరిగి వచ్చేసరికి ఆయా మా స్టాండును ముసలమ్మ మంచం దగ్గరికి జరిపి సెలైన్ తగిలిస్తోంది. దాని మీద నా చేతిరాతతో తొమ్మిది అంకె అట్లాగే ఉంది.

"అమ్మకు గీ సూదులు మొదలుపెట్టి ఎన్ని రోజులైంది?" అని అడిగాను.

"ఏమో. ఎవ్వరు చెప్పలే" అంది ఆ అమ్మాయి, మొహం తిప్పుకునే.

ఆ ముక్క పీకాను. చుట్టలోంచి కొత్తది చింపి, ప్రశ్న గుర్తు వేసి, డాక్టరు కంటికి ఆనే ఎత్తులో అతికించి వచ్చేశాను. తొమ్మిది అంకె వేసిన ముక్క ఎక్కడ పారేయాలో తోచక చొక్కా జేబులో వేసుకున్నాను. ఇప్పుడు అది జేబు లోపలి గుడ్డకు అంటుకుపోయింది. ఆ చొక్కా ఇంకా ఉతకడానికి వేయలేదు.