మూడో అంతస్తు సొరుగు

తాళాలమ్మ వస్తోందంటే మనిషికన్నా ముందు నడుము వస్తుందని ఆ ఆడపిల్లల హాస్టల్లో ఒక వేళాకోళం ఉండేది. నడుముకి వేలాడే తాళాల గుత్తి అంత చప్పుడు చేసేది మరి. ఆ గలగల వినపడగానే మూడంతస్తుల్లోనూ పిల్లలు గదుల్లో వాడొద్దన్న ఇస్త్రీపెట్టెల్ని మంచాల కిందకి తోసేసేవారు. ఆవిడ గదిలోకొచ్చి, మంచం కింద నుంచి మాడు వాసన వస్తున్నా పట్టనట్టు అటూ ఇటూ చూసి, "కొంప అంటుకునేటప్పుడు కాస్త ముందు చెప్పండమ్మా, నా రెండు చీరలు బయట పడేసుకుంటాను" అని వెళ్ళిపోయేది. ఆ పూటకి ఇస్త్రీ ఆగిపోయేది.

ఆవిడ మొగుడు గోడలకి రంగులేసే మనిషి. పరంజా విరిగి పడి, మళ్ళీ లేవలేదు. చంకలో పిల్లతో ఆవిడ ఆ హాస్టల్లో పనికి చేరింది. గదులు ఊడవడం, బాత్‌రూములు కడగడం, తాళాలు చూసుకోవడం ఆవిడ పని. మెట్ల కింద చిన్న గది ఇచ్చారు. నిలబడితే నెత్తికి మెట్టు తగిలేది. ఆ పిల్ల హాస్టల్ పిల్లల ఒళ్ళలోనే పెరిగింది. ఒకమ్మాయి జడ వేస్తే, ఇంకొకమ్మాయి అక్షరాలు దిద్దించేది. గొంతు మాత్రం ఎవరూ నేర్పక్కర్లేకుండానే వచ్చింది. ఊయల్లో ఏడిస్తే గేటు దగ్గర వాచ్‌మన్ లేచి కూర్చునేవాడు. అందుకే అందరూ దాన్ని గంట అనేవారు.

గంటకి అదే కాలేజీలో సీటొచ్చింది. వార్డెన్ మేడం మంచిది, మూడో అంతస్తులో ఒక మంచం ఇప్పించింది. ఆ రోజు తాళాలమ్మ కూతుర్ని కూర్చోబెట్టి, నేను నీ తల్లినని పైన ఎవరికీ చెప్పకు, మీ అమ్మ బాత్‌రూములు కడుగుతుందంటే నీకేం విలువుంటుందని నూరిపోసింది. పిల్ల బుద్ధిగా తలూపింది. మర్నాడు పొద్దున్నే మూడో అంతస్తు పిట్టగోడ మీంచి వంగి, "అమ్మా, నా దువ్వెన నీ దగ్గరుండిపోయిందే" అని హాస్టలంతా మార్మోగేలా అరిచింది. ఇక రోజూ అదే. దువ్వెనో, చెప్పులో, ఏదీ లేకపోతే ఊరికేనో. తాళాలమ్మ పైకి విసుక్కునేది గానీ, ఆ వేళకి మెట్ల మొదట్లో ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తూ నిలబడేదని వంటక్క చెప్పుకుని నవ్వేది.

ఇక పుస్తకాల సంగతి. కాలేజీ కమిటీలో ఒక సిమెంటు కొట్టు పెద్దాయన ఉండేవాడు. వాళ్ళమ్మ పోయాక, ఆవిడ పేరు మీద హాస్టల్లో గదికొకటి చొప్పున తమ మత గ్రంథం ఇచ్చాడు. ఎర్ర గుడ్డ అట్ట, లోపల మొదటి పేజీలో ఆ ముసలావిడ ఫోటో. గదికి రెండు మంచాలు, ఒక బల్ల, బల్లకి ఒకే సొరుగు. ఆ సొరుగులో పుస్తకం ఉండి తీరాలని ఆజ్ఞ. ఉందో లేదో చూడడం, దుమ్ము తుడవడం తాళాలమ్మ మెడకి చుట్టారు. ఒక పిల్ల దాన్ని ఊగే మంచం కోడు కింద పెట్టింది. ఇంకొకతె దాని మీద టీ గ్లాసు పెట్టింది. ఒకే ఒక పిల్ల నిజంగా చదువుకుంటూ కళ్ళు తుడుచుకునేది.

తాళాలమ్మకి చదువు రాదు. అయినా ఆ పుస్తకమంటే ప్రాణం. మొగుడు పోయిన రోజు చేతుల వణుకు ఆగకపోతే, పొరుగింటి ముసలాయన పక్కన కూర్చుని అదే పుస్తకం చదివాడు. ఒక్క ముక్క అర్థం కాలేదు. వణుకు మాత్రం ఆగింది. అంతకన్నా రుజువేం కావాలి? మెత్తటి పాత చీర ముక్క ఒకటి వాటికోసమే ఉంచుకుంది. దానితో ఇంకేదీ తుడిచేది కాదు.

గంట గదిలో రెండో పిల్ల వేరే మతం. అడుగు తీసి అడుగు వేస్తే చప్పుడుండదు, మాట అసలుండదు. గంట దానికి పిల్లిపిల్ల అని పేరు పెట్టింది. రెంటికీ ఎలా కుదిరిందో గానీ ఒకే పళ్ళెంలో తినేవారు. ఒకనాడు గంట తల్లిని పట్టుకుంది.

"అమ్మా, దాని పుస్తకం ట్రంకుపెట్టె అడుగున లంగాల కింద దాక్కుంది. మనది సొరుగులో దొరసానిలా పడుకుంది. ఇదేం న్యాయమే?"

"దాన్నీ సొరుగులోనే పెట్టుకోమను. వద్దన్నదెవరు?"

"ఎవరింటికో వెళ్తే పెద్ద కుర్చీలో అప్పటికే ఒకావిడ బాసింపట్టు వేసుక్కూర్చుంది. ఆ చివర సర్దుకో అంటే నువ్వు కూర్చుంటావా?"

జవాబు దొరకనప్పుడు పెద్దవాళ్ళు చేసే పనే తాళాలమ్మా చేసింది. నోరు ముయ్యమంది.

గంట నోరు మూసుకుని చేతులకి పని చెప్పింది. పుస్తకాన్ని ఉతికిన తువ్వాల్లో చుట్టి, వరండా కిటికీ గట్టు మీద పెట్టింది. పొద్దున్న తాళాలమ్మ దాన్ని మళ్ళీ సొరుగులోకి చేర్చింది. సాయంత్రానికి అది మళ్ళీ గట్టెక్కింది. హాస్టలంతా దీన్ని ఆటలా చూసింది. ఇవాళ ఎవరు గెలిచారని వంటక్క గరిటె పట్టుకునే అడిగేది. తరవాత ఇంకో రెండు గదుల పిల్లలు కూడా తమ పుస్తకాలు గట్టు మీద పెట్టారు. అది చూసి వేరే పిల్లలు తమవి సొరుగుల్లోంచి తీసి బల్లల మీద కనపడేలా పెట్టుకున్నారు. భోజనాల గదిలో బల్లలు రెండు పక్షాలయ్యాయి. నిన్నటిదాకా ఒకే దువ్వెనతో దువ్వుకున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూడడం మానేశారు. సొరుగుల్లో పుస్తకాలొద్దని గంట సంతకాలు కూడా పోగు చెయ్యడం మొదలుపెట్టింది.

సిమెంటు కొట్టు పెద్దాయన కారేసుకుని వచ్చాడు. మా అమ్మని గట్టు మీదకి తోసిన పిల్ల ఎవరని అడిగాడు. వార్డెన్ మేడం తాళాలమ్మని పిలిచి, నీ కూతురికి నువ్వే చెప్పుకో, నా చేతుల్లో ఏమీ ఉండేట్టు లేదంది. ఆ మెట్ల కింద గది పోతే పిల్లని పట్టుకుని ఎక్కడికి పోవాలి? ఆ భయం మీద తాళాలమ్మ మూడంతస్తులూ ఎక్కి, నలుగురూ చూస్తుండగా అనేసింది.

"ఆ పుస్తకం సొరుగులోకి వెళ్ళేదాకా నన్ను అమ్మా అని పిలవకు."

గంట రెండు చేతులూ జోడించింది.

"సరేనండీ, తాళాలమ్మగారూ."

చుట్టూ ఉన్న పిల్లలు పక్కున నవ్వారు. తాళాలమ్మ కూడా మెట్లు దిగుతూ చాటుగా నవ్వుకుంది. తల్లీబిడ్డల అలక ఆకలేసేదాకానే కదా, రాత్రి అన్నానికి అదే వస్తుందిలే అనుకుంది. రాలేదు. ఇద్దరూ ఒకే విత్తు మరి. పై నుంచి, "తాళాలమ్మగారూ, కుళాయిలో నీళ్ళు రావట్లేదండీ" అని వినపడేది. కింద నుంచి, "చూస్తానండీ అమ్మాయిగారూ" అని జవాబు వెళ్ళేది. అది ముందు తగ్గాలని ఈవిడ, ఈవిడే తగ్గాలని అది. తాళాలమ్మ గట్టు మీది పుస్తకాన్ని ముట్టుకోవడం కూడా మానేసింది. దాని చేత్తో అదే పెట్టాలి, అప్పుడే పిలవాలి అనుకుంది. పుస్తకం గట్టు మీదే ఉండిపోయింది. వారాలు గడిచాయి. మెట్ల మొదట్లో చీపురు మాత్రం ఆ వేళకి ఆడుతూనే ఉంది.

అంతలో గంటకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకుని మాత్రలిచ్చారు. ఒకరోజు మనిషిని గుర్తుపట్టని స్థితి వచ్చేసరికి ఆస్పత్రికి మోసుకెళ్ళారు. తాళాలమ్మ మంచం పట్టీ వదల్లేదు. పిల్ల కళ్ళు తెరుస్తుంది, మూస్తుంది, మాట లేదు. డాక్టరు మొహం చూశాక తాళాలమ్మకి చేతులు వణకడం మొదలైంది, మొగుడు పోయిన నాటి వణుకు. ఆ పుస్తకం గుర్తొచ్చింది. తెచ్చి దిండు కింద పెడితే చాలనిపించింది. పిల్లిపిల్లని కూర్చోబెట్టి, ఇప్పుడే వస్తానని హాస్టల్‌కి పరిగెత్తింది.

గట్టు మీద పుస్తకం లేదు. గది తాళం తీసి సొరుగు లాగింది. పుస్తకం అందులో ఉంది.

తాళాలమ్మ కూతురి మంచం మీద కూలబడిపోయి ఏడ్చింది, సంతోషం పట్టలేక. తగ్గింది నా తల్లి, జ్వరంతో ఒళ్ళు కాలుతున్నా నా మాట నిలబెట్టి వెళ్ళింది అనుకుంది. పుస్తకాన్ని గుండెకి హత్తుకుని, ఇప్పుడు పిలుస్తుంది, ఇప్పుడు పిలుస్తుంది అనుకుంటూ వెనక్కి వచ్చింది. వార్డు గుమ్మంలో పిల్లిపిల్ల నిలబడి ఉంది. దాని వెనక మంచం మీద దుప్పటి మొహం దాకా కప్పేశారు.

పిల్లిపిల్ల ఏదో చెప్పబోయింది. తాళాలమ్మ వినలేదు. "అది తగ్గిందే, సొరుగులో పెట్టిందే" అని అదే మాట అంటూ ఉండిపోయింది. ఆ ఏడు గడవకుండానే పిల్లిపిల్ల హాస్టల్ వదిలి వెళ్ళిపోయింది.

ఆ తరవాత తాళాలమ్మ ఆ ఒక్క మాట మీదే బతికింది. మూడో అంతస్తు గదిలోకి ఏ కొత్త పిల్ల వచ్చినా సొరుగు లాగి చూపించి, నా కూతురు పోయేముందు తన చేత్తో పెట్టిన పుస్తకం ఇది అని చెప్పేది. ఆ పుస్తకాన్ని మిగతావాటికన్నా ఎక్కువసేపు తుడిచేది. పిల్లలు మారారు, వార్డెన్లు మారారు, ఆవిడ మోకాళ్ళు మారాయి. మాట మారలేదు.

ఏళ్ళ తరవాత పిల్లిపిల్ల అదే కాలేజీకి పాఠాలు చెప్పడానికి వచ్చింది. హాస్టల్‌కి చిన్న వార్డెన్ని చేశారు. ఇప్పటికీ చప్పుడు లేకుండానే నడుస్తుంది. సరిగ్గా అప్పుడే కొత్త పిల్లలు మళ్ళీ ఆ పాత తగవే లేవదీశారు. భోజనాల గదిలో మీటింగు పెట్టారు. ఉంటే నీకేం బరువు, చదవకపోతే మూసి ఉంచుకో, కష్టంలో ఉన్నవాళ్ళకి చేతికందుతుంది కదా అని ఒక పిల్ల అడిగింది. నా గదిలో నేను పెట్టని వస్తువు నన్నెందుకు కనిపెట్టుకుని ఉండాలని ఇంకో పిల్ల అడిగింది. రెండు మాటల్లోనూ నిజం ఉన్నట్టే ఉంది. పెద్ద వార్డెన్ మేడం తేల్చలేక, ఇన్నాళ్ళూ వాటిని తుడిచిన మనిషిని కూడా అడుగుదామంది.

తాళాలమ్మ లేచి, తనకి తెలిసిన ఒక్క కథా చెప్పింది. ఈ పుస్తకాలొద్దని అందరికన్నా ముందు కొట్లాడింది నా కూతురే, అదే చివరికి తన చేత్తో సొరుగులో పెట్టి వెళ్ళిపోయింది, దానికి ఆఖర్న ఏం తోచిందో ఆలోచించుకోండి అంది. వద్దన్న పిల్లే ముందు కళ్ళొత్తుకుంది. పుస్తకాలు ఉండాలని తేలిపోయింది. బల్ల చివర పిల్లిపిల్ల మాత్రం తల ఎత్తలేదు.

ఆ సాయంత్రం పిల్లిపిల్ల మెట్ల కింద గదికి వచ్చి, వంగి లోపలికి దూరింది.

"పిన్నీ, ఆ పుస్తకం సొరుగులో పెట్టింది అది కాదు. నేను."

తాళాలమ్మ చేతిలో గుత్తి ఆగిపోయింది.

"నా మూలంగా మీరిద్దరూ మాట్లాడుకోవడం లేదని దిగులు పిన్నీ నాకు. దాన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళిన రోజు పెట్టేశాను. తిరిగొచ్చాక ఎలాగోలా మిమ్మల్ని కలపొచ్చనుకున్నాను."

"దానికి తెలుసా?"

"తెలీదు. గట్టు మీదే ఉందనుకుంది."

"అయితే అది తగ్గలేదన్నమాట."

"తగ్గలేదు పిన్నీ. కానీ పిలిచింది. మీరు వెళ్ళాక కళ్ళు తెరిచి గుమ్మం వైపు చూసింది. అమ్మా అంది. ఆ గొంతే కాదది, గాలి. వస్తోంది అన్నాను. మళ్ళీ అంది. ఆగిపోయేదాకా పెదాలు ఆ మాటే అంటున్నాయి."

తాళాలమ్మ ఒక్కటే అడిగింది.

"నేనెక్కడికి వెళ్ళానని చెప్పావే దానికి?"

"నీళ్ళకి వెళ్ళిందని చెప్పాను."

మర్నాడు పొద్దున్న తాళాలమ్మ పెద్ద వార్డెన్ మేడం గదికి వెళ్ళింది. నిన్న నేను చెప్పింది నిజం కాదండీ, నా కూతురు ఆ పుస్తకం పెట్టలేదు, అది చివరిదాకా దాని మాట మీదే ఉంది, చచ్చిపోయిన పిల్ల మాట నేను మార్చేశాను అని చెప్పింది. సొరుగులు ఖాళీ చేయించండి, కావలసిన పిల్లలు అడిగితే తెచ్చివ్వడానికి నేనున్నాను అంది. మేడం ఆశ్చర్యపోయి, మీకా పుస్తకమంటే ప్రాణం కదా అని అడిగింది.

"ఇప్పటికీ ప్రాణమేనండీ. నా ప్రాణం ఇంకొకరి సొరుగులో ఎందుకు?"

కమిటీ మళ్ళీ కూర్చుని ఒప్పుకుంది. పుస్తకాలన్నీ కింద చదువుకునే గది బీరువాలోకి చేర్చమన్నారు. ఆ పని ఇంకెవర్నీ ముట్టుకోనివ్వలేదు తాళాలమ్మ. పిల్లలు క్లాసులకి వెళ్ళాక ఒక్కో గదీ తెరిచి, ఒక్కో పుస్తకాన్నీ ఆ మెత్తటి గుడ్డతో తుడిచి కిందకి చేర్చింది. మూడో అంతస్తు గది చివర్న మిగిలింది. ఆ పుస్తకాన్ని ఉతికిన తువ్వాల్లో చుట్టింది. బయటికి తెచ్చి, గంట పెట్టినట్టే కిటికీ గట్టు మీద పెట్టింది. సొరుగు ఖాళీగా ఉందో లేదో ఇంకోసారి వెనక్కి వెళ్ళి చూసుకుంది.

తరవాత చీపురు తీసుకుని, నొప్పుల మోకాళ్ళతో మెట్లన్నీ దిగి, మొదట్లో తన చోట నిలబడింది. గుత్తి చప్పుడు చెయ్యకుండా చేత్తో పట్టుకుంది. ఖాళీ మెట్ల మీంచి మూడో అంతస్తు పిట్టగోడ వైపు తలెత్తింది.

"తీసేశానే. ఇక పిలువు."