చెడ్డ పాలని చెప్పింది నేనే

నేను ఒక అబద్ధం చెప్పి చాలా ఏళ్లయింది. అది అబద్ధమని తెలిసిన మనిషిని ఈ భూమ్మీద నేనొక్కదాన్నే. మీకు చెబితే ఇద్దరమవుతాం. అందుకే రాస్తున్నాను. పేరు మాత్రం అడగకండి. బాలింతల వార్డులో నర్సుగా జీవితమంతా గడిపినదాన్ని, అంతవరకు తెలిస్తే చాలు. దేవుడి ముందు ఒప్పుకోవచ్చు కదా అంటారా? మోకరించిన ప్రతిసారీ నా నోరు వేరే పాపాలు చెబుతుంది. చిన్న చిన్నవి. పక్కింటావిడ మీద విసుక్కున్నాననీ, ఆదివారం ఆరాధనకు ఆలస్యంగా వచ్చాననీ. అసలుది గొంతు దాటి రాదు.

భద్రాచలం అవతల, అడవి అంచున ఉన్న ఒక ఊరి దవాఖానాలో ఉద్యోగం వచ్చినప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. గది కిరాయికి తీసుకుని ఒంటరిగా ఉండేదాన్ని. అక్కడి చర్చిలో సువార్త పరిచయమైంది. పాటలు పాడేటప్పుడు నా పక్కన నిలబడేది. నాకంటే నాలుగేళ్లు చిన్నది, కుట్టుమిషను మీద జాకెట్లు కుట్టేది, వాళ్ల ఊరు పర్ణశాల దారిలో. అక్కా అని వెంట తిరిగేది. చెల్లెల్లాంటిదే కదా అని ఒకసారి నోరు జారాను. నాకు నెలసరి సరిగా రావడం లేదనీ, డాక్టరమ్మ మాత్రలు రాసిందనీ చెప్పాను. అంతే. అదేం పెద్ద జబ్బు కాదు. మూడు నెలల్లో సర్దుకుంది కూడా.

ఆ తర్వాత సత్తుపల్లి బొగ్గు గనిలో డంపర్ నడిపే అతనితో నాకు పెళ్లి కుదిరింది. మా చర్చిల్లో పెళ్లికి ముందు మూడు ఆదివారాలు అబ్బాయి పేరూ అమ్మాయి పేరూ చదువుతారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని. రెండు ఆదివారాలు మా పేర్లు చదివారు. మూడో ఆదివారం నేను కొత్త చీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను. పాస్టరు గారు చర్చి పైకప్పు మరమ్మతు గురించి చెప్పారు. జబ్బుపడినవాళ్ల కోసం ప్రార్థించమన్నారు. కాగితం మడిచి బైబిల్లో పెట్టుకున్నారు. నా పేరు చదవలేదు. ఆడవాళ్లంతా నా వైపు తిరిగి చూశారు. సువార్త మాత్రం పాటల పుస్తకంలోంచి తలెత్తలేదు.

నాకు పిల్లలు కారని సువార్త వెళ్లి పెళ్లికొడుకు తల్లికి చెప్పి వచ్చిందట. వారం తర్వాత తెలిసింది. ఐదు నెలలకు అదే పాస్టరు గారు అతని పేరూ సువార్త పేరూ చదివారు. ఒక్క ఆదివారం కూడా తప్పలేదు. నేను మూడింటికీ వెళ్లి కూర్చున్నాను. ఎందుకు వెళ్లాను? ఏడవడానికి కాదు. కోపం చల్లారిపోతుందేమోనని భయమేసి వెళ్లాను. పిల్లలు కారనే మాట ఆ చుట్టుపక్కల సంఘాలన్నీ తిరిగింది. ఆ తర్వాత నాకు సంబంధం అంటూ ఒక్కటి రాలేదు.

ఏడాదిన్నర గడిచింది. సువార్త తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. నొప్పులు ఎక్కువై మా దవాఖానాకే తెచ్చారు. ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మగపిల్లాడు. మా వార్డులో కిటికీ పక్క మంచం ఇచ్చారు.

ఇక్కడ మీకు నా పని గురించి కొంచెం చెప్పాలి. కాన్పు కాగానే పసుపుగా, చిక్కగా వచ్చే ముర్రుపాలు చెడ్డవని మా వైపు ముసలమ్మలకు గట్టి నమ్మకం. వాటిని పిండి పారబోయిస్తారు, బిడ్డకు చక్కెర నీళ్లు పడతారు. ఆ చక్కెర నీళ్ల గిన్నెలు లాక్కోవడమే నాకు రోజంతా పని. బిడ్డకు ముర్రుపాలే మొదటి మందు అని గొంతు పోయేలా అరిచేదాన్ని. నన్ను గయ్యాళి సిస్టరమ్మ అనేవాళ్లు. ఆ పేరంటే నాకు గర్వంగా ఉండేది.

ఆ రోజు పక్క మంచం మీద కోయగూడెం నుంచి వచ్చిన ఒక చిన్న తల్లి ఉంది. తెలుగు అంతగా రాదు. ఆమె దగ్గర కూర్చుని బిడ్డ గడ్డం రొమ్ముకు ఆనేలా ఎలా పట్టుకోవాలో చేత్తో చూపించాను. బిడ్డ గుటకలు వేస్తుంటే ఆమె నవ్వింది. మామూలుగా ఐదు నిమిషాల పని. నేను అరగంట కూర్చున్నాను. సువార్త చూడాలని.

“అక్కా, జర నా దిక్కు గూడ రా. నువ్వున్నవని తెల్సినంక ధైర్యమొచ్చింది నాకు,” అంది సువార్త.

ధైర్యమట! తప్పయిందని అనలేదు. తల దించుకోలేదు. నా బతుకును అలా పక్కకు నెట్టేసి, ఆ సంగతే మరిచిపోయింది. గుర్తుంచుకుని భయపడి ఉంటే నేను ఆ పని చేసేదాన్ని కాదేమో. ఏమో, చేసేదాన్నేనేమో.

“పాలు పడతలేవక్కా. పిల్లగాడు ఒకటే ఏడుపు,” అంది.

రొమ్ము నొక్కి చూశాను. నా వేలి మీదికి ఒక చుక్క వచ్చింది. పసుపుగా, చిక్కగా, ఎలా రావాలో అలాగే. బిడ్డను పెట్టి చప్పరించనిస్తే చాలు, మిగతావి వాటంతటవే వస్తాయి. సువార్త తల్లి చక్కెర నీళ్ల గిన్నె కొంగు చాటున దాచుకుని, నేనెప్పుడు అరుస్తానా అన్నట్టు నిలబడి ఉంది.

“గవి చెడ్డపాలే గద సిస్టరమ్మా?” అని భయంభయంగా అడిగింది.

“అవ్ పెద్దమ్మా. నువ్వన్నదే నిజం. ఈమెకు మంచిపాలు పడయి. పిల్లగానికి పట్టొద్దు. డబ్బాపాలు తెప్పియ్యి.”

సువార్త బిడ్డను దగ్గరికి లాక్కుంది. “ఎప్పటికీ పడయా అక్కా?”

“కొందరి ఒళ్లు గంతే,” అన్నాను.

వేలి మీది చుక్కను తెల్లకోటుకు తుడుచుకున్నాను. ఎంత హాయిగా అనిపించిందో దాచిపెడితే ఈ రాతంతా వృథా. నా గురించి ఆమె చెప్పింది కూడా సరిగ్గా ఇలాంటి మాటే కదా. నా ఒంటి గుట్టు ఆమె చేతిలో పడింది, ఆమె ఒంటి గుట్టు నా చేతిలో పడింది. ఆ పూట టీ తాగుతుంటే ఎన్నడూ లేనంత రుచిగా ఉంది.

నాలుగో రోజు పాలు పొంగాయి. జాకెట్ తడిసిపోయింది, రొమ్ములు గట్టిపడి జ్వరం వచ్చింది. అప్పుడైనా నోరు విప్పవచ్చు. విప్పలేదు. ఇదంతా చెడ్డదే, ఎండిపోవాలని చెప్పి, పాత చీర చింపి ఆమె గుండెల చుట్టూ నేనే కట్టాను. నొప్పికి మూలిగింది. ఇంకొంచెం బిగించాను. పాలు లేనిదానివని ఆ అత్త ఇక జన్మంతా సాధిస్తుందిలే అనుకున్నాను. నన్ను కాదన్న ఆ అత్తే.

మూడో నెలలో పిల్లాడికి విరేచనాలు పట్టుకున్నాయి. సీసా పాలతో ఇలాంటివి నేను చాలా చూశాను. కళ్లు లోతుకు పోయి, ఏడవడానికి ఓపిక కూడా లేకుండా తెచ్చారు. సెలైన్ పెట్టడానికి నరం దొరకడం లేదని పిల్లల వార్డు వాళ్లు నన్నే పిలిచారు. నా చెయ్యి మంచిదని పేరు. తల మీది నరం ఆ రోజు నాకు కూడా రెండోసారికి గానీ దొరకలేదు. నా పగ సువార్త మీద కదా, వీడేం చేశాడు? అంత చిన్న సంగతి నాకు ముందు తట్టలేదా? తట్టింది. తట్టినా పక్కకు నెట్టేశాను. వాడు బతికాడు. బతక్కపోయి ఉంటే ఈ కాగితం కూడా రాసేదాన్ని కాదు.

నాలుగేళ్ల తర్వాత సువార్త రెండో కాన్పుకు మళ్లీ మా వార్డుకే వచ్చింది. ఆడపిల్ల. డబ్బా, సీసా ముందే సంచిలో సర్దుకుని తెచ్చుకుంది. కొత్తగా చేరిన నర్సు పాలివ్వమని కోప్పడితే నవ్వుతూ నా వైపు చూపించింది.

“నాకు మంచిపాలు పడయమ్మా. అప్పట్ల గీ అక్కనే చెప్పి మా పిల్లగాన్ని కాపాడింది.”

ఆ అమ్మాయి నా వైపు తిరిగి, “అవునా మేడమ్?” అని అడిగింది.

తలూపాను. అది పగే అని మీతో చెప్పుకుంటే నాకు కాస్త మర్యాదగా ఉంటుంది. కాదు. అది భయం. ఉద్యోగం పోతుందన్న భయం, ఆ నవ్వుమొహం మారిపోతే చూడలేనన్న భయం.

ప్రతి క్రిస్మస్‌కు సువార్త ఇప్పటికీ అరిసెలు పంపుతుంది. నేను తింటాను. ఆమెను క్షమించానా? లేదు. ఆ మూడో ఆదివారం గుర్తొస్తే ఇప్పటికీ పళ్లు బిగుసుకుంటాయి. నా కడుపున బిడ్డ పుట్టి ఉంటే నాకు పాలు పడేవో లేదో నాకు తెలియదు, ఇక తెలిసేదీ లేదు. ఆమెకు మాత్రం పడ్డాయి. రెండుసార్లు పడ్డాయి. నేను రెండుసార్లూ ఎండిపోయేలా చేశాను.

నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరు క్షమించినా అది నాకు చెల్లదు. రాస్తుంటే గుండెల మీద బిగించిన కట్టు ఒక చుట్టు వదులైంది, అంతవరకే. ఆమెకు చెప్పాల్సిన మాట ఆమెకు చెప్పలేక ఇక్కడ పెడుతున్నాను.

సువార్తా, నీవి మంచి పాలే. మొదటి రోజే నా వేలి మీద చూశాను.