నేను తిన్నగా లాగేసిన గోడ

1979లో విశాఖపట్నం పాత ఊళ్లో, హార్బరుకి దగ్గరగా ఉన్న ఒక దొరల కాలపు మేడకి కొత్త ప్లాను గీసే పని నాకు పడింది. నేను ట్రేసర్ని. అంటే పాత మ్యాపు మీద పల్చటి గుడ్డ పరిచి, గీతకి గీత ఎక్కించేవాణ్ణి. ఆ చోట మొదట కాపురమున్నవాళ్ల పేర్లు రాతి మీద చెక్కించి, ఆవరణంతా బాగుచేయించాలని మా ఆఫీసరుకి ఉబలాటం.

సముద్రపు చెమ్మకి పాత మ్యాపులు ముడతలు పడతాయి. చిన్న వంపు కనిపిస్తే ముడతే అనుకుని స్కేలు పెట్టి తిన్నగా లాగేయడం మా ట్రేసర్ల దిక్కుమాలిన అలవాటు. వెనక ప్రహరీ గోడని నేనూ అలాగే లాగేశాను. దాంతో గోడ అవతలున్న ఒక గుడిసె కాగితం మీద మేడ ఆవరణలోకి వచ్చిపడింది. ఆక్రమణ అని నోటీసు తయారైంది.

నోటీసిచ్చి, కొలతలు సరిచూసి రమ్మని నన్ను పంపారు. గుడిసెలో ఎర్రయ్యమ్మ అనే ముసలావిడ ఒక్కతే ఉంటోంది. నోటీసు సంగతి చెప్పగానే నా చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి లాక్కెళ్లింది.

“ఏటి బాబూ, నాను ఆక్రమించీసినానా? ఈ మేడ కట్టింది మా తాత. దొర రాకముందే ఈడ కాపురముండి గోడలకి సున్నం ఆడించినాడు. ముందు మా కొంప, తరవాతే గోడ. అందుకే మా కొంపని తప్పించి కట్టినారు. సూడు!”

చూశాను. గోడ గుడిసె దాకా వచ్చి, పక్కకి తిరిగి, దాన్ని దాటాక మళ్లీ తిన్నగా పోయింది. ఇంత రాతిగోడ వంపుని ముడత అనుకున్న నా బుర్రని ఏమనాలి! మొదటి కాపురం ఎవరిదని వెతుకుతున్నామో, వాళ్ల మనవరాలికే నోటీసు పట్టుకెళ్లాను.

ఆఫీసరుకి చెప్పాను.

“సంతకాలైపోయాయయ్యా. తప్పు నీదని రాసిస్తావా? మెమో వస్తుంది, ఆలోచించుకో” అన్నాడు. పైగా నవ్వాడు. “చెక్కించేది దొరల పేర్లు. సున్నం ఆడించినవాళ్లవి కాదు.”

ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. నోరు మూసుకుని బయటికొచ్చిన నన్ను తలుచుకుంటే ఇంకా మండుతుంది.

మూడో రోజు ధైర్యం చేసి రాసిచ్చి, అక్కడికి పరిగెత్తాను. పొద్దున్నే గుడిసె కూల్చేశారట. ఎర్రయ్యమ్మ గిన్నెల మధ్య కూర్చునుంది. తప్పు నాదేనని రాసిచ్చానని చెప్పాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

“మొన్న గోడ సూసినప్పుడే నీకు తెలిసిపోనాది గదా బాబూ” అంది.

మెమో వచ్చింది, ఉద్యోగం మాత్రం పోలేదు. దొరల పేర్లతో రాయీ లేచింది. ట్రేసింగ్ గుడ్డ మీద తప్పు గీతని బ్లేడుతో గీకి సరిచేయడానికి పది నిమిషాలు చాలు. నాకు మూడు రోజులు పట్టింది.