నాయన కఫంలో చక్కెర తొడుగు

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కొద్ది ఏళ్లలో నేను అక్కడ ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేసేదాన్ని. ఊళ్లో ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. మా ల్యాబు వార్డు వెనక రేకుల గది. రక్తం, మూత్రం, కఫం పరీక్షించి చీటీ రాసివ్వడం నా పని. ఉండేది నర్సుల హాస్టలులో.

మా నాయన బేతంచెర్ల దగ్గర నాపరాతి గనిలో బండలు తీసేవాడు. ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం అమ్మ ఆయనను బస్సులో తీసుకొచ్చింది. నిలబడలేకపోతున్నాడు. ఒళ్లు కాలిపోతోంది. కుడి డొక్క పట్టుకుని దగ్గితే ఎర్రటి కఫం పడింది. ఇటుకపొడి కలిపిన జిగురులా ఉంది. ఉమ్మినా పెదవిని వదలకుండా తీగ సాగుతోంది.

"నాలుగు దినాలాయమ్మా. ఊర్లో పెన్సిలిన్ సూదులేసినారు. ఏం తగ్గల్యా," అంది అమ్మ.

ఆ కఫాన్ని నేనే పరీక్షించాను. ఇంకొకరు చేసి ఉంటే బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను, కానీ ల్యాబులో ఉన్నది నేనొక్కదాన్నే. గాజు పలక మీద నల్లసిరా చుక్కతో కలిపి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఆ నలుపులో పొట్టి కడ్డీల్లాంటి క్రిములు. ఒక్కోదాని చుట్టూ దాని ఒంటికంటే వెడల్పుగా తెల్లటి వలయం. సిరా ఆ వలయం దాటి లోపలికి పోలేకపోతోంది. రంగువేసిన ఇంకో పలక మీద మన ఒంటిని కాపాడే తెల్ల కణాలు వాటి పక్కనే కనిపించాయి. ఎంత వెతికినా క్రిమిని మింగిన కణం ఒక్కటీ దొరకలేదు.

డాక్టరుగారిని పిలిచాను. నెల్లూరు వైపు మనిషి, నిదానస్తుడు. చాలాసేపు చూశాడు.

"న్యుమోనియానే, కానీ మామూలు రకం కాదమ్మా. ఆ తెల్లగా ఉన్నది చక్కెర తొడుగు. క్రిమి తనే తయారుచేసుకుని ఒంటినిండా కప్పుకుంటుంది. తెల్ల కణం పట్టుకోబోతే పట్టు చిక్కదు. పైగా ఈ జాతికి పెన్సిలిన్ పనిచేయదు. స్ట్రెప్టోమైసిన్ కావాలి."

"లోపల తయారైంది గోడ దాటి బయటికి ఎలా వస్తుంది సార్?" అని అడిగాను. అలాంటప్పుడు ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో నాకు తెలియదు. బహుశా వేరే ప్రశ్న అడగడానికి భయపడ్డానేమో.

"అది నాకూ తెలీదమ్మా," అన్నాడాయన.

ఆ వారం మా దగ్గర ఆ మందు లేదు. కడపలో ఒక మందుల షాపులో ఉందని తెలిసి, వెంటనే బస్సెక్కాను. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు. బస్సు ఆగిన ప్రతిచోటా దిగి ముందుకు పరిగెత్తాలనిపించేది. మర్నాడు సీసాలను తడిగుడ్డలో చుట్టుకుని తిరిగొచ్చాను. పొడి మందుకు చల్లదనం అంతగా అక్కర్లేదని తెలుసు. అయినా గుడ్డ ఆరినప్పుడల్లా దిగి తడిపాను. చేతులకు ఏదో ఒక పని ఉండాలి గదా.

సూదులు మొదలైన రెండో రోజుకు జ్వరం దిగింది. మూడో రోజు నాయన కాసిని గంజినీళ్లు తాగి, "నన్ను పట్టుకున్నది ఎట్లుండాదో చూపీమ్మా," అన్నాడు.

ల్యాబు చీటీ వెనక పెన్సిలుతో గీసి చూపించాను. కడ్డీ, దాని చుట్టూ తొడుగు.

"దేంతో కట్టుకుంటాదది?"

"చక్కెరతో నాయనా. మన ఒంట్లో దొరికేదాంతోనే."

కాగితాన్ని చాలాసేపు చూశాడు. "నా గనిలో బండ తీసి నా ఎదురుగానే ఇల్లు కట్టుకున్యాదన్నమాట," అని నవ్వబోయాడు. దగ్గు వచ్చింది. ఆ కఫంలో ఎరుపు తక్కువగా ఉంది. ఆ సాయంత్రం అమ్మ, నేను కడుపునిండా తిన్నాం.

ఐదో రోజు మళ్లీ జ్వరం. పలక మీద అవే కడ్డీలు, అవే వెడల్పాటి తొడుగులు. ముందుకంటే ఎక్కువగా ఉన్నాయి. మైక్రోస్కోపు అద్దం తుడిచి మళ్లీ చూశాను. ఇంకో పలక చేశాను. మూడోది చేశాను. అన్నిట్లోనూ అంతే.

"మందుకు అలవాటు పడ్డాయి," అన్నాడు డాక్టరుగారు. "ఊపిరితిత్తి కూడా లోపల కరిగిపోతోంది. ఇంక నా దగ్గర వేరే మందు లేదమ్మా."

సూదులు ఆపవద్దని ఆయన కాళ్ల దగ్గర కూర్చున్నాను. ఆపలేదు. ఎనిమిదో రోజు పొద్దున నాయన పోయాడు. చివరి గంటలో ఆయన చూపు నా చేతుల మీదే ఉంది. వాటిలో ఏమీ లేదు.

మా ఊళ్లో మట్టి చేసి వచ్చాక అమ్మ నన్ను గుడిసె ముందు కూర్చోబెట్టి అడిగింది. "నువ్వు దినామూ దాన్ని చూస్తాంటివి గదా. కండ్లతో చూసి గూడా ఏమీ చేయల్యాకపోతిరా?"

ఆ మాటలో నింద లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగింది.

కర్నూలు వెళ్లేసరికి నాయన కఫం నుంచి పెంచిన క్రిములు గాజు పళ్లెంలో ఇంకా బతికే ఉన్నాయి. మూత మీద నా చేతిరాతతో ఆయన పేరు. లోపల లావుపాటి జిగురు చుక్కలు నిగనిగలాడుతున్నాయి. వాటిని ఆవిరిలో ఉడికించి చంపడం నా పనే. పళ్లేన్ని ఆవిరి పాత్రలో పెట్టాను గానీ దాని కింద స్టవ్ వెలిగించలేకపోయాను. ల్యాబు ఊడ్చే ముసలాయన వచ్చి అగ్గిపుల్ల గీశాడు.

నేను ఉద్యోగం విరమించాక, ఒకప్పుడు నా దగ్గర పని నేర్చుకుని తర్వాత కాలేజీలో పాఠాలు చెప్పే అమ్మాయి ఒకామె, అడిగితే ఆ తొడుగు కథంతా ఓపికగా చెప్పింది. క్రిమి లోపల చక్కెర ముక్కలను ఒక కొవ్వు అణువు మీద పేరుస్తుందట. ఆ పేర్చినదాన్ని లోపలి పొర దాటించి అవతలి వైపుకు తిప్పుతుందట. అక్కడ ముక్కకు ముక్క చేరి పొడవాటి గొలుసవుతుంది. బయటి పొరలో ఆ గొలుసు కోసమే గొట్టంలాంటి దారి ఉంటుంది. అందులోంచి బయటికొచ్చి ఒంటిని అంటిపెట్టుకుంటుంది. ఆ దారి పాడైతే తొడుగు ఉండదు, తెల్ల కణాలు మింగేస్తాయి.

నేను రెండుసార్లు చెప్పించుకున్నాను. అప్పటికి నా వయసు నాయన వయసును దాటిపోయింది. అమ్మ లేదు. అమ్మాయి వెళ్లాక, విన్నది ఎవరికి చెప్పాలో తెలియలేదు.