ఇనుప సిలువ మీది పేరు

మా తమ్ముడి పేరు భూమ్మీద ఒక్కచోటే ఉండేది. తిరువూరు సమాధుల తోటలో, గోడ వారగా, మూరెడు ఎత్తున్న ఇనుప సిలువ మీద. వాడు పుట్టి నెల తిరక్కుండానే పోయాడు. జ్ఞానస్నానం కాలేదు కాబట్టి గుడి పుస్తకంలో పేరెక్కలేదు. ఫొటో తీయించలేదు. నాన్నది వెల్డింగ్ షెడ్డు. గేట్లూ, కిటికీ గ్రిల్సూ చేసేవాడు. తను అనుకున్న పేరును ఇనపరేకులోంచి అక్షరం అక్షరంగా కోసి, సిలువ అడ్డకమ్మీకి అతికించాడు. ఆ తరవాత ఇంట్లో ఎవరూ ఆ పేరు పలకలేదు. మరీ తప్పకపోతే అమ్మ "బాబు" అనేది, అంతే. నేను ఆ పేరు చదివానే గాని ఎన్నడూ వినలేదు.

ఏటా నవంబరులో సమాధుల పండుగకు ముందు నాన్న వైరు బ్రష్షుతో సిలువను గీకి, ఎమ్రీ పేపరుతో రుద్ది, తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ పూసి, దానిమీద వెండిరంగు వేసేవాడు. ఆ పనిలో ఎవర్నీ చెయ్యి పెట్టనిచ్చేవాడు కాదు. నాన్న పోయాక అది అమ్మ చేతికొచ్చింది. నేను చేస్తానంటే, "నీకు బడుందిగా" అని తోసేసింది. విస్సన్నపేట దగ్గర బళ్లో సైన్సు చెబుతాను నేను.

నిరుడు పండుగ దగ్గర పడ్డాక ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ మొహం వెలిగిపోతోంది. నాన్న పోయాక ఆ మొహం చూడటం అదే మొదలు.

"బాబు సిలువ చూద్దువుగాని రేపు. కొత్తదానిలాగుంది. బాత్రూం యాసిడ్ పోశానే. బుసబుసా పొంగి తుప్పంతా ఊడిపోయింది."

నాకు ఒళ్లు మండిపోయింది. "యాసిడ్ తుప్పు తిని ఊరుకుంటుందా అమ్మా? ఇనుమునూ తింటుంది."

"కడిగాను కదే."

"ఏ నీళ్లతో?"

"అక్కడి బోరు నీళ్లే."

ఆ నీళ్లు నోట్లో పోసుకుంటే ఉప్పు. బకెట్ల అంచులకు తెల్లగా చార కడతాయి. యాసిడ్లో ఉన్నదీ, ఆ ఉప్పులో ఉన్నదీ క్లోరైడే. అది ఇనుము గుంటల్లో దూరి కూర్చుందంటే పైపైన కడిగితే పోదు. గాల్లో తడిని లాక్కుంటుంది. గుంటలో మళ్లీ ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం ఇంకాస్త ఇనుమును కరిగిస్తుంది. ఇంత జరిగినా క్లోరైడ్ ఖర్చయిపోదు. అక్కడే ఉండి మళ్లీ అదే పని మొదలుపెడుతుంది. పిల్లలకు చెప్పినట్టే ఇదంతా అమ్మకు గుక్క తిప్పుకోకుండా చెప్పాను.

"చాల్లే టీచరమ్మా," అంది. మొహంలో వెలుగు పోయింది. పాఠం అప్పుడే ఆపాల్సింది.

మర్నాడు టిన్నుతో మంచినీళ్లు తీసుకెళ్లి మళ్లీ కడిగాం. ఆరేలోపే వాన పట్టుకుంది. పండుగ నాడు సిలువ బోడిగా ఉండకూడదని అమ్మ ఆ చెమ్మ మీదే వెండిరంగు వేసింది. కొవ్వొత్తుల వెలుగులో చుట్టుపక్కల వాటన్నిట్లోకీ మాదే మెరిసింది. ఆ మెరుపు చూస్తుంటే నాకు భయం వేసింది.

ఈ ఏడు వానలు తగ్గాక వెళ్లాం. రంగంతా బొబ్బలెక్కి ఉంది. గోటితో తాకితే పెచ్చు లేచి, లోపల్నుంచి గోధుమరంగు నీళ్లు కారాయి. మొదటి అక్షరం లేదు. గడ్డిలో వెతికితే దొరికింది గాని, అమ్మ చేతిలోకి తీసుకోగానే విరిగి పొడైంది. మిగతావి కూడా ఒక్కో అతుకు మీద వేలాడుతున్నాయి. అమ్మ ఆ పొడిని కొంగున మూట కట్టుకుంది.

"మీ నాన్న చేత్తో చేసింది, నా చేత్తో పోయింది," అంది.

కాదని అబద్ధం చెబుదామనుకున్నాను. నాన్న మీద కోపమొచ్చింది, అన్నేళ్లూ ఆ బ్రష్షు ఎవరి చేతికీ ఇవ్వనందుకు. తమ్ముణ్ణి ఎత్తుకున్న చేతుల్లో ఇక అమ్మవే మిగిలాయి. ఆ అక్షరాలు కూడా రాలిపోతే వాడు పుట్టాడనడానికి ఏముంది?

పేరు చెక్కించి రాయి వేయిద్దామన్నాను. రెండు రోజులు పోయాక అమ్మే చెప్పులేసుకుని, "పద," అంది.

ఎ.కొండూరు రోడ్డులో గ్రానైట్ కోసే షెడ్డుకు వెళ్లాం. రాయి ఎంచాం. రాళ్లు చెక్కే అతను పెన్సిలు పట్టుకుని, "పేరు చెప్పండమ్మా," అన్నాడు. అమ్మకు నోరు రాదని నేనే చెప్పబోయాను. అమ్మ నా మణికట్టు పట్టుకుంది.

"నేను చెప్తా."

చాలాసేపు పెదాలు కదిలాయి. తరవాత చెప్పింది. అక్షరాలు వచ్చినప్పట్నుంచీ నేను చదువుతున్న పేరే. అమ్మ గొంతులో చివర కొంచెం సాగింది. నాకు ఏడుపు ఆగలేదు.

వెనక రాళ్లు కోసే మిషను మోత. "వినపళ్లేదమ్మా, కొంచెం గట్టిగా," అన్నాడతను.

అమ్మ గట్టిగా పిలిచింది.