తార్‌లో వచ్చిన మూడు మాటలు

ఎనిమిదో తరగతి దాకా చదివిన కోడలినని మా బొగ్గుబాయి కాలనీలో అందరికీ తెలుసు. తెలియనివాళ్లకు నేనే తెలియజేసేదాన్ని. కరీంనగర్ బడిలో చదువంతా ఉర్దూలో సాగినా ఇంగ్లీషుకు రోజూ ఒక పీరియడ్ ఉండేది. పెళ్లప్పుడు బాపు కొనిచ్చిన చిన్న ఇంగ్లీషు నిఘంటువు నా పెట్టెలో చీరల మీదే ఉండేది. ఎవరికి ఇంగ్లీషు కాగితం వచ్చినా నా గడపకే రావాలి. ఆ మిడిసిపాటుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

పక్కింటి అక్క భర్త ఊపిరితిత్తుల జబ్బుతో పట్నం ఆస్పత్రిలో ఉన్నాడు. తోడుగా ఆయన తమ్ముడు ఉన్నాడు. ఒక పొద్దున ఆ తమ్ముడి దగ్గర నుంచి తార్, అదే టెలిగ్రాం, వచ్చింది. మూడే మాటలు. బ్రదర్, గ్రేవ్, కమ్. మొదటిదీ చివరిదీ నాకు తెలుసు. గ్రేవ్ కోసం నిఘంటువు తీశాను. మొదటి వరుసలో 'సమాధి, గోరి' అని ఉంది. అక్కడితో పుస్తకం మూసేశాను.

"అన్నను గోరిల పెట్టిండ్రట అక్కా. రమ్మంటున్నరు," అన్నాను.

అక్క చేతులు గోడకేసి కొట్టుకుంది. గాజు ముక్కలు నేనే ఏరాను. కాసేపటికి లేచి, పెద్దపల్లి పోయి రైలెక్కుతానంది. వాళ్ల అత్త ఆపింది.

"మట్టిల పెట్టినంక ఉరికి ఏం జేస్తవ్ బిడ్డా? మూడొద్దులకు ఇంటికాడ పిట్టకు పెట్టి పోదాం."

మూడో రోజు పొద్దున ఆయనకు ఇష్టమైన కోడికూర, సర్వపిండి వండి విస్తరిని పెరటి గోడ మీద పెట్టారు. పోయిన మనిషి కాకై వచ్చి తింటాడని మా నమ్మకం. ముట్టకపోతే ఆ మనసులో ఇంకా ఏదో ఆశ ఉన్నట్టు.

కాకులు వచ్చాయి. పది పన్నెండు ఉంటాయి, గోడ పొడుగునా కూర్చున్నాయి. ఒక్కటీ అరవలేదు, ఒక్కటీ విస్తరిలో ముక్కు పెట్టలేదు. "పిల్లలను మంచిగ సాదుకుంట, ఫికర్ చెయ్యకు, తిను," అని అక్క బతిమాలింది. కాకులు మెడ తిప్పి ఆమెనే చూశాయి. ఎండ నడినెత్తికి వచ్చి పక్కకు వాలినా అవి కదల్లేదు. పట్టపగలు, అంతమంది మధ్యలో, నాకు భయమేసింది.

మూడు గంటలకు బాయి మీద రెండో షిఫ్ట్ సైరన్ కూసింది. ఆ కూత ఆగీ ఆగకముందే కాకులన్నీ విస్తరి మీద పడ్డాయి. మెతుకు మిగల్లేదు.

"ఇప్పటికి నిమ్మలమైండు," అంది అత్త. అందరం కాళ్లు కడుక్కున్నాం.

మరునాడు పొద్దున వాళ్లు మూటలు కట్టుకుని బయల్దేరుతుంటే మరో తార్ వచ్చింది. అందులో ఎక్స్‌పైర్డ్ అని ఉంది. నేను పుస్తకం కోసం లేవబోతుంటే పోస్ట్‌మ్యాన్ ఆపాడు.

"దానికి పుస్తకమెందుకమ్మా, నేను మోసేటి మాటనే గది. పాణం పోయిందని. నిన్న మూడు గంటలకు."

అయినా పుస్తకం తెచ్చాను. ఆ మాట కోసం కాదు. గ్రేవ్ దగ్గరికే వెళ్లాను. గోరి కింద రెండో వరుస ఉంది. 'విషమమైన, ప్రమాదకరమైన.' దాచుదామా అన్న ఆలోచన వచ్చింది, అబద్ధమెందుకు. కానీ అక్క నా ముఖమే చూస్తోంది. ఉన్నదున్నట్టు చదివాను.

అత్త గడప మీద కూలబడింది. అక్క ఖాళీ విస్తరి ఉన్న గోడ వైపు చూసి, మొదటి తార్ కొంగు ముడి విప్పి తీసి, చివరి మాట మీద వేలు పెట్టింది.

"గిదేంది చెల్లె?"

"కమ్. రా అని."

"దానికి సుత ఇంకో అర్థమున్నదా, జర చూడు."

చూశాను. ఆ చిన్న పుస్తకంలో దానికి ఒక్కటే అర్థం ఉంది.